డబ్బు లెక్కల్లోంచి పుట్టిన ప్రేమ: ‘స్పైస్ అండ్ వుల్ఫ్’ ఎందుకు చూడాలి

మన ప్రేమకథల్లో హీరో ఏం పని చేసి బతుకుతాడో చాలాసార్లు తెలియదు. తెలిసినా అది పేరుకే. నెలాఖరుకి చేతిలో ఎంత మిగిలింది, ఎవరికి ఎంత బాకీ ఉంది అన్న మాట ప్రేమించుకునే ఇద్దరి మధ్య రానే రాదు. డబ్బు ప్రస్తావన వచ్చిందంటే అది కట్నం దగ్గరో, బీదా గొప్పా తేడా దగ్గరో, అమ్మాయి తండ్రి సవాల్ విసిరే దగ్గరో వస్తుంది. అంటే డబ్బు ఎప్పుడూ ప్రేమకి అడ్డం పడే వస్తువే. ‘స్పైస్ అండ్ వుల్ఫ్’ అనే జపనీస్ యానిమే (బొమ్మలతో తీసే యానిమేషన్) సిరీస్ నాకు ఇంత ఇష్టం కావడానికి కారణం అది ఈ పద్ధతిని మొదటి ఎపిసోడ్ నుంచే పక్కన పెట్టేయడం. ఇందులో ఇద్దరూ దగ్గరయ్యేది బేరాలాడుతూ, అప్పులు తీరుస్తూ, తూకంలో మోసం పట్టుకుంటూ. డబ్బు గురించి మాట్లాడుకోవడమే వాళ్ల ప్రేమ. ఇలాంటి ప్రేమకథ నేను ఇంకొకటి చూడలేదు, అందుకే యానిమే అలవాటు లేనివాళ్లకి కూడా దీన్ని గట్టిగా చెప్తాను.

ముందు కథేంటో కాస్త. ఇసునా హసెకురా అనే రచయిత రాసిన నవలలు ఇవి, మొదటిది 2006లో వచ్చింది. 2008లో యానిమే మొదటి సీజన్, 2009లో రెండోది. తర్వాత చాలా ఏళ్లు కొత్త సీజన్ రాలేదు. 2024లో మళ్లీ మొదటి నుంచి కొత్తగా తీశారు. మధ్యయుగాల యూరప్‌ని పోలిన ఒక కల్పిత లోకం. క్రాఫ్ట్ లారెన్స్ అనే ఇరవై అయిదేళ్ల వర్తకుడు గుర్రబ్బండిలో సరుకు వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకుంటాడు. పద్దెనిమిదో ఏట సొంతంగా మొదలుపెట్టి ఏడేళ్లుగా రోడ్డు మీదే బతుకుతున్నాడు. మాట్లాడే తోడు లేక గుర్రంతో మాట్లాడే దాకా వచ్చాడు, అది బదులిస్తే ఎంత బాగుండు అనుకునే దాకా కూడా. పాస్లో అనే పల్లె దాటి వచ్చాక ఒక రాత్రి అతని బండిలో తోళ్ల మధ్య ఒక అమ్మాయి పడుకుని కనిపిస్తుంది. ఆమెకి తోడేలు చెవులు, తోక. పేరు హోలో. ఆ పల్లెలో గోధుమ పంట బాగా పండేలా చూస్తానని ఎప్పుడో ఎవరికో మాటిచ్చి కొన్ని వందల ఏళ్లు ఆ పొలాల్లోనే ఉండిపోయిన దేవత ఆమె.

ఈ తోడేలు దేవత రచయిత గాలిలోంచి తెచ్చింది కాదు. కోతల చివర మిగిలే ఆఖరి గోధుమ పనలో తోడేలు దాగుంటుందనే నమ్మకం జర్మనీ, ఫ్రాన్స్ పల్లెల్లో నిజంగానే ఉండేది, ఆ ఆఖరి పనని ‘తోడేలు’ అనే పిలిచేవాళ్లు. కథలో ఆ పల్లె వాళ్లు కొత్త సేద్యం పద్ధతులు నేర్చుకున్నారు, దిగుబడి పెరిగింది, ఇక దేవతతో పనిలేదు. పండగ మాత్రం చేస్తారు, అందులో ఆమె పేరు కూడా ఉంటుంది, కానీ ఆమెను నిజంగా తలచుకునేవాళ్లు లేరు. మాట నిలబెట్టుకున్న మనిషి ఇక అవసరం లేని మనిషైపోతే ఏం చేస్తుంది? ఉత్తరాన ఉన్న తన ఊరు యోయిత్సుకి పోదామనుకుంటుంది. దారి గుర్తు లేదు. లారెన్స్ బండి ఎక్కుతుంది. ఇక అంతా ప్రయాణమే.

రాక్షసుల్లేరు, మంత్రయుద్ధాల్లేవు, లోకాన్ని కాపాడాల్సిన పనీ లేదు. ఫ్యాంటసీ అంటే కత్తులు అనుకునేవాళ్లకి ఇది మొదట్లో వింతగా ఉంటుంది. ఇక్కడ ప్రమాదం అంటే ధర పడిపోవడం.

నేను ముందు చెప్పిన మాటకి ఇద్దరి మొదటి బేరమే సాక్ష్యం. పాజ్జియో అనే రేవు పట్టణంలో లారెన్స్ తోళ్లు అమ్మాలి. ఆపిల్ కొనుక్కోమని ఒక వెండి నాణెం ఇస్తే హోలో దాంతో మోయలేనన్ని ఆపిల్స్ కొనేసింది, అవన్నీ తోళ్లతో పాటే బండిలో ఉన్నాయి. మిలోన్ అనే వర్తక కంపెనీలో లారెన్స్ ఒక ధరకి ఒప్పుకోబోతుంటే హోలో మధ్యలో దూరి, అయ్యా మీరు వాసన చూడలేదా అని అడుగుతుంది. తోళ్ల నుంచి పండ్ల వాసన వస్తోంది. ఆ వాసన చుట్టూ ఆమె ఒక కథ అల్లి ధర పెంచేస్తుంది. ఏడేళ్లుగా ఇదే వ్యాపారం చేస్తున్నవాడు నోరెళ్లబెట్టి చూస్తూ నిలబడతాడు. ఆ చూపులో అసూయ ఉంది, అవమానం కొంచెం ఉంది, వాటన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకోలు ఉంది. ప్రేమ అక్కడ మొదలైందని నేననుకుంటాను. ఆమె అందం చూసి కాదు, పని చూసి.

తర్వాత వచ్చేది వెండి నాణేల కథ, సిరీస్ మొత్తంలో నాకు చాలా ఇష్టమైన భాగాల్లో అదొకటి. ఒక కుర్ర వర్తకుడు వచ్చి, ట్రెన్నీ రాజ్యం నాణెంలో వెండి పాలు పెంచబోతున్నారు, ఇప్పుడే కొని పెట్టుకుంటే లాభం అని చెవిలో వేస్తాడు. మనిషి అబద్ధం చెప్తే గొంతులో పట్టేసే చెవులు హోలోవి. వీడు అబద్ధమాడుతున్నాడు అంటుంది. ఎందుకు ఆడుతున్నాడు? ఇక్కడి నుంచి కథ డిటెక్టివ్ కథలా నడుస్తుంది. నాణేలు గలగలలాడించి ఆ మోతలో తేడా వింటుంది హోలో. వెండి పెరగడం కాదు, తగ్గుతోంది. రాజు డబ్బు ఇబ్బందుల్లో ఉన్నాడు. వెండి ఎక్కువున్న పాత నాణేలు కరిగించి, తక్కువ వెండితో ఎక్కువ నాణేలు కొట్టుకోవాలి, అలా చేయాలంటే ముందు పాతవి చేతికి రావాలి. వాటిని పోగుచేసి ఇచ్చే కంపెనీ రాజు దగ్గర ఏ సుంకం మినహాయింపులైనా అడిగి తెచ్చుకోవచ్చు. ఆ పుకారు పుట్టించింది చిన్న వర్తకుల చేత నాణేలు పోగు చేయించడానికే, ధర పడగానే వాళ్లే భయపడి చవగ్గా వదిలించుకుంటారు.

ఇదంతా కల్పన మాత్రమే అనుకోకండి. ఇంగ్లాండ్‌లో ఎనిమిదో హెన్రీ 1544 నుంచి సరిగ్గా ఇలాగే నాణేల్లో వెండి తగ్గించుకుంటూ పోయాడు. ఇంకా వెనక్కి వెళ్తే నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో రోమన్ వెండి నాణెంలో వెండి తగ్గించాడు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో తవ్వకాల్లో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువ భాగం అంతకు ముందరి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలాలవి. వెండి తగ్గిన కొత్త నాణేలు వద్దని మన వర్తకులు పాతవే అడిగి తీసుకున్నారన్నది చాలామంది చరిత్రకారులు చెప్పే కారణం. హోలో వెండి మోత వినే సీన్ చూసినప్పుడల్లా నాకు ఆ పేరు తెలియని వర్తకులు గుర్తొస్తారు, వాళ్లు కూడా నాణేన్ని రాతి మీద మోగించి, తల అడ్డంగా ఊపి, పాతది తీయవయ్యా అని ఉంటారు కదా అని.

ఈ భాగం చివర ఆ కుట్ర వెనకున్న కంపెనీ మనుషులు మురుగు కాలవల్లో తరుముతుంటే హోలో తన అసలు రూపంలోకి మారుతుంది. గదంత పెద్ద తోడేలు. లారెన్స్ ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఒక్క అడుగే. వందల ఏళ్లుగా ఆమె అందరిలోనూ చూసింది ఆ అడుగే, అందుకే ఏమీ అనకుండా వెళ్లిపోవడానికి తిరుగుతుంది. ఇక్కడ ఏ కథలోనైనా హీరో ‘వెళ్లకు, నువ్వంటే నాకిష్టం’ అంటాడు. లారెన్స్ ఏమంటాడో తెలుసా? నువ్వు చింపిన బట్టల డబ్బులు నాకు బాకీ ఉన్నావు, ఉత్తరాన అడవుల దాకా వచ్చైనా సరే వసూలు చేస్తాను అని అరుస్తాడు.

ఆ సీన్‌లో నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది. బాకీ అంటే రేపు మళ్లీ కలవాలి అని అర్థం. లెక్క తేలిపోతే ఇద్దరి మధ్య ఇక మిగిలేదేం లేదు, లెక్క తేలనంత కాలం తలుపు తెరిచే ఉంటుంది. వర్తకుడికి తెలిసిన భాష అదొక్కటే, దాంట్లోనే అతను తన ప్రాణం పెట్టి చెప్పాడు, ఆమెకి అర్థమైంది.

మాది కిరాణా వ్యాపారం చేసుకునే ఇల్లు. రాత్రి కొట్టు కట్టేసి నాన్న ఇంటికొచ్చి అన్నం తిన్నాక అమ్మా ఆయనా మాట్లాడుకునేది ఎప్పుడూ రేట్ల గురించే. మినపగుళ్లు ఎంత పలికాయి, ఆ చక్కెర లోడు ఇంకో వారం ఆపితే ఎలా ఉంటుంది, ఫలానా ఆయన పాత బాకీ తేల్చకుండా మళ్లీ అరువు అడిగితే ఏం చెప్పాలి. చివరి మాట చాలాసార్లు అమ్మదే. మనిషి ముఖం చూసి ఈయన ఇస్తాడు, ఈయన ఎగ్గొడతాడు అని చెప్పేది, నాన్న మారుమాట్లాడకుండా ఆ ప్రకారమే చేసేవాడు. ప్రేమ అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ ఒకరి బుర్రని ఇంకొకరు అంతగా నమ్ముకోవడం, రోజంతా అలసిపోయి కూడా ఆ లెక్కల కోసం ఇద్దరూ కూర్చోవడం, అది ప్రేమ కాకపోతే మరేంటో నాకు తెలియదు. ఇలాంటి ఇళ్లు మన ఊళ్లలో వేలకి వేలున్నాయి. వాళ్ల ప్రేమని చూపించే కథలు మాత్రం మనకి దాదాపు లేవు. ఎక్కడో జపాన్‌లో ఒకాయన కల్పిత యూరప్‌లో పెట్టి రాస్తే అందులో కనిపించింది.

ఇప్పుడు కవచాల కథ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. మిరియాలు అమ్మడానికి లారెన్స్ ఒక దుకాణానికి వెళ్తాడు. తక్కెడ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. హోలో తల తిరుగుతోందని నీళ్లడిగి, ఆ నీళ్లు బల్ల మీద పోస్తే అవి ఒక పక్కకి పారతాయి. బల్లే వాలుగా ఉంది. మోసం దొరికింది కదా అని లారెన్స్ ఆ యజమానిని ఇరుకున పెట్టి, తన దగ్గరున్న సొమ్ముకి మించి అప్పు మీద కవచాలు తీసుకుంటాడు. ఉత్తరాన చర్చి యుద్ధయాత్రకి పోతుంది కాబట్టి కవచాలకి ఎప్పుడూ గిరాకీయే. పట్టణం చేరేసరికి ఆ ఏడు యాత్ర రద్దైందని తెలుస్తుంది. కవచాలు పెనం మీద నీటి చుక్కలా అయిపోయాయి, విలువ ఉన్నట్టే ఉండి లేకుండా పోయింది. ఇద్దరి తెలివీ కలిసి తెచ్చిన నష్టం అది. రెండు రోజుల్లో అప్పు కట్టలేకపోతే దివాలా, దివాలా అంటే ఆ లోకంలో బానిసగా ఓడెక్కడమే.

తర్వాత అతను తెలిసిన ప్రతి గుమ్మమూ ఎక్కి దిగుతాడు. మొదట చిరునవ్వుతో పలకరించినవాళ్లు పక్కన హోలోని చూడగానే ముఖం మార్చుకుంటారు. అప్పుకోసం వచ్చినవాడు ఆడపిల్లని వెంటేసుకుని వస్తాడా అని. చివరికి ఆమె ఓదార్పుగా చెయ్యి చాపితే అతను విసిరికొడతాడు. అప్పులవాళ్ల టెన్షన్ ఇంట్లోకి వచ్చినప్పుడు మనిషి తనకి అన్నిటికంటే దగ్గరివాళ్ల మీదే విరుచుకుపడతాడు కదా, ఆ నిజాన్ని ఇంత సూటిగా చూపించిన ప్రేమకథ అరుదు. ఆ తర్వాత హోలో ఏం చేస్తుంది, లారెన్స్ ఎలా ముఖం చూపిస్తాడు, ఆ గదిలో వాళ్లిద్దరి మధ్య నడిచే మాటలు మీరే వినాలి, నేను చెప్పను. వాళ్లు బయటపడే మార్గం బంగారం దొంగరవాణా. అందులో నోరా అనే గొర్రెల కాపరి అమ్మాయి వస్తుంది. తోడేళ్లు ఆమె మందని ముట్టవు, అందుకే చర్చికి ఆమె మీద అనుమానం. ఆమెకేమో దర్జీ పని చేసుకుంటూ పట్టణంలో బతకాలని కోరిక. కాపరి, తోడేలు ఒకే పనిలో భాగస్వాములు కావాల్సి రావడం ఎంత చక్కని ఆలోచనో చూడండి.

కుమెర్సున్ పట్టణం కథలో బంగారంలా మెరిసే పైరైట్ రాళ్ల ధర పిచ్చిగా పెరుగుతుంది, దాని చుట్టూ హోలో కోసం అమాటీ అనే కుర్ర చేపల వ్యాపారితో పోటీ. షేర్ మార్కెట్ తెలిసినవాళ్లకి ఇది పండగ, ఎందుకంటే లారెన్స్ చేసేది దాదాపు షార్ట్ సెల్లింగే. చేతిలో లేని సరుకుని ముందే అమ్మి, ధర పడాలని ఎదురుచూడటం. కానీ ఆ కథలో నన్ను పట్టుకున్నది మార్కెట్ కాదు. హోలో ఊరు ఎప్పుడో నాశనమైందన్న మాట లారెన్స్ ముందే విని దాచాడు, అది ఆమెకి తెలిసిపోతుంది. వందల ఏళ్ల తర్వాత ఇంటికి బయల్దేరినవాళ్లకి ఇల్లే లేదని తెలిస్తే? నాణేల కథంతా నవ్వుతూ గెలిచిన ఆ గడుసు అమ్మాయి అక్కడ విరిగిపోయిన తీరు, ఆమెకి గొంతిచ్చిన అమి కోషిమిజు దాన్ని పలికించిన తీరు, చాలా రోజులు వెంటాడుతుంది.

హోలో పాత్ర గురించి ఇంకొక మాట. ఆమె తెలివైనది, గర్వం ఎక్కువ, తిండిపోతు, తోక దువ్వుకోవడంలో గంటలు గడిపేస్తుంది. ఇవన్నీ చూసి నవ్వుకుంటాం. కానీ వీటి కింద ఉన్నది ఒంటరితనం అంటే వణుకు. లారెన్స్ మహా అయితే ఇంకో యాభై ఏళ్లు బతుకుతాడు, ఆమెకి అది చిన్న కునుకు. లెనోస్ పట్టణం దగ్గర ఆమె బయటపెట్టే భయం అంతకంటే లోతైనది. సంతోషం కూడా అలవాటైపోతే అరిగిపోతుందేమో, బాగున్నప్పుడే విడిపోతే మేలు కదా అని. పెళ్లయి పదేళ్లు దాటిన జంట ఎవరైనా ఆ మాట విని కాసేపు మాట్లాడలేరు. అదే లెనోస్‌లో లారెన్స్ తోళ్ల వ్యాపారం కోసం హోలోని తాకట్టు పెట్టి అప్పు తెస్తాడు, ఆమె ఒప్పుకునే. ఆ బేరం కుదిరితే సొంత కొట్టు పెట్టుకోవాలన్న అతని చిన్నప్పటి కల తీరిపోతుంది. ఎవ్ అనే పడిపోయిన గొప్పింటి అమ్మాయి భాగస్వామి, డబ్బు తప్ప దేన్నీ నమ్మని మనిషి. లారెన్స్ ఆ లాభాన్ని వదులుకుని హోలో కోసం వెనక్కి వస్తాడు. మెచ్చుకోవాల్సింది పోయి హోలో మండిపడుతుంది. నా వల్ల నీ కల పాడవడం ఏంటి అని. త్యాగం చేసినవాడికి దండ వేసి కథ ముగించే మనకి ఈ కోపం కొత్త. నాకు అది చాలా గౌరవంగా అనిపించింది, ఎందుకంటే అతని పని విలువ ఆమెకి తెలుసు.

ఇక అభ్యంతరాలు. మొదటి ఎపిసోడ్‌లో హోలో ఒంటి మీద బట్టల్లేకుండా కనిపిస్తుంది, తర్వాత కూడా అక్కడక్కడా అలాంటి సీన్లున్నాయి. కథలో దానికి కారణం ఉంది, తోడేలుకి బట్టలేంటి అని, అయినా కెమెరా అవసరానికి మించి ఆగుతుందన్నది నిజం. ఇంట్లో పిల్లలతో కలిసి చూసేది కాదు. దీన్ని వెనకేసుకురావాలని నాకు లేదు, ఇది లేకుండా ఉంటే సిరీస్ ఇంకా బాగుండేది. కానీ దీనికోసం మిగతాదంతా వదులుకోవడం నష్టమే. రెండోది, మాటలెక్కువ. ఎపిసోడ్ సగం బండి మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడమే ఉంటుంది, ఫోన్ చూసుకుంటూ చూస్తే లారెన్స్ ఎప్పుడు ఎవరికి ఎందుకు అప్పు పడ్డాడో తెలియదు. నాణేల ప్లాన్ నాకు కూడా ఆపి, వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తేనే పూర్తిగా ఎక్కింది. అది లోపం అనుకోను. మీ బుర్ర మీద నమ్మకం ఉంచిన కథ అది. టెరియో అనే పల్లె కథ మాత్రం కొంచెం సాగినట్టే ఉంటుంది, అక్కడ ఓపిక పట్టండి.

ఏది చూడాలని చాలామంది అడుగుతారు. 2024 సిరీస్‌తో మొదలుపెట్టండి, ఇరవై అయిదు ఎపిసోడ్లు. నవలల వరుసలోనే వెళ్తుంది, కెవిన్ పెన్కిన్ సంగీతం ఉంది, హోలోకి, లారెన్స్‌కి 2008లో గొంతిచ్చిన అమి కోషిమిజు, జున్ ఫుకుయామాలే మళ్లీ ఇచ్చారు. అన్నేళ్ల తర్వాత అదే జంట పలికితే ఆ మాటల్లో కొంచెం వయసు, కొంచెం చనువు చేరినట్టు నాకనిపించింది, ఈ కథకి అది సరిగ్గా సరిపోయింది. 2008 సిరీస్ బొమ్మల్లో ఒక మట్టి రంగు, ఒక చలికాలపు మసక ఉంటుంది, మనసులో మాట చెప్పాలంటే నాకు ఆ రూపమే ఎక్కువ ఇష్టం. కానీ అది టెరియో కథని వదిలేసింది, నాణేల కథలో ఒక పాత్రని మార్చేసింది. కాబట్టి కొత్తది చూసేయండి, అది పూర్తయ్యాక ఆగలేకపోతే 2009 రెండో సీజన్‌లో ఏడో ఎపిసోడ్ నుంచి లెనోస్ కథ పట్టుకోండి. ఆ తర్వాత ఏమైందో తెలియాలంటే నవలలే దిక్కు, ఇంగ్లిష్‌లో యెన్ ప్రెస్ వాళ్లవి దొరుకుతాయి, లారెన్స్ కొట్టు పెట్టాడా లేదా అన్నది అందులోనే ఉంది.